పెరటి పండ్ల చెట్టుకు ఏమైంది? మందు డబ్బా కొనకముందు చూడాల్సినవి

పెరట్లో జామ ఆకు పసుపు పడుతుంది. ఎవరో ఫొటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడతారు. మామూ ఒక మాట చెప్తాడు, ఖాలా ఇంకో మాట చెప్తుంది, దుబాయ్‌లో ఉన్న భాయ్ యూట్యూబ్‌లో చూసింది పంపుతాడు. చివరకు ఊర్లో పత్తికి కొట్టగా మిగిలిన మందు సీసా ఒకటి ఇంటికి వస్తుంది. రెండు మూతలు బకెట్లో కలిపి చల్లేస్తారు. ఆ చెట్టు కిందే పిల్లలు ఆడుకుంటారు, రాలిన పండు కడగకుండానే తింటారు. ఆకు మాత్రం పసుపుగానే ఉంటుంది. ఎందుకంటే దానికి పట్టింది పురుగు కాదు, వేళ్ల దగ్గర నిలిచిన నీళ్లు.

పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల్లో కాస్త జాగా ఉన్న ఇళ్లలో మామిడి, జామ, నిమ్మ, అనార్, బొప్పాయి, సీతాఫలం చెట్లు మామూలుగా కనిపిస్తాయి. వాటికి వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం నేల, నీళ్లు, కాలం. మందుతో పోయేవి కొన్నే. ఏది దేనివల్లో తేల్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పొద్దున ఫజర్ తర్వాత వెలుగు వచ్చాక ఒక పది నిమిషాలు చెట్టు దగ్గర నిలబడి చూస్తే సగం విషయం తెలిసిపోతుంది.

ముందు నేల, నీళ్లు

ఆదిలాబాద్, బేల, భైంసా వైపు నల్లరేగడి ఎక్కువ. ఈ నేల వానాకాలంలో నీళ్లు పట్టుకొని వదలదు, ఎండాకాలంలో నెర్రెలు బారి సన్న వేళ్లను తెంపుతుంది. కరీంనగర్, జగిత్యాల వైపు చాలాచోట్ల ఎర్ర చెల్క. అక్కడ నీళ్లు తొందరగా దిగిపోతాయి, ఎరువు కూడా వాటితోపాటే పోతుంది, చెదలు ఎక్కువ. ఒకే జామ మొక్క కొని ఒకటి నిర్మల్‌లో, ఒకటి హుజూరాబాద్‌లో నాటితే రెండింటికీ ఒకే తీరుగా నీళ్లు పోయడం కుదరదు.

చాలామంది పొరపడేది ఇక్కడే. నీళ్లు తక్కువైనా ఆకు వాలుతుంది, ఎక్కువైనా వాలుతుంది. చూడ్డానికి రెండూ ఒకటే. వేళ్లకు గాలి అందక చెట్టు వాడిపోతుంటే, ఇంట్లోవాళ్లు దాహమేమో అనుకొని ఇంకో రెండు బకెట్లు పోస్తారు. అందుకే ముందు మొదలుకు రెండు అడుగుల దూరంలో జానెడు లోతు తవ్వి మట్టి చేతిలోకి తీసుకోవాలి. ముద్దలా అయ్యి, మురుగు వాసన వస్తే నీళ్లు ఎక్కువయ్యాయి. పొడిపొడిగా రాలితే నిజంగానే దాహం. ఇంకో పరీక్ష కూడా ఉంది. అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. మరుసటి రోజు పొద్దునకీ నీళ్లు అట్లనే ఉంటే ఆ జాగాలో నీళ్లు దిగడం లేదు. అక్కడ బొప్పాయి, నిమ్మ పెట్టాలంటే మట్టి ఎత్తు చేసి దిబ్బ మీద నాటాలి. బొప్పాయి మొదట్లో ఒకటి రెండు రోజులు నీళ్లు నిలిచినా చాలు, కాండం కుళ్లి పడిపోతుంది.

కొత్త కాలనీ ఇళ్లలో ఇంకో సంగతి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు పెరట్లోనే పూడ్చి పైన బండి మట్టి పోస్తారు. ఆ సున్నం నేల గుణాన్నే మారుస్తుంది. చెట్టు రెండేళ్లు బాగానే పెరిగి, వేళ్లు ఆ పొరకు తగలగానే పాలిపోతుంది. కొందరు చెట్టు మొదలు దాకా బండలు పరిచేస్తారు. ఇల్లు శుభ్రంగా కనిపిస్తుంది కానీ వేళ్లకు గాలి ఉండదు. మొదలు చుట్టూ కనీసం మూడు నాలుగు అడుగులు మట్టిగా వదలాలి.

ఏ నీళ్లు పోస్తున్నారన్నదీ చూడాలి. ముదురు ఆకుల కొనలు, అంచులు కాలినట్టు గోధుమ రంగుకు వచ్చి, మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తే అది ఉప్పు నీళ్ల గుర్తు. బోరు నీళ్లు గట్టిగా ఉన్న ఇళ్లలో ఇది మామూలే. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు రోజూ చెట్టుకు పోస్తే ఇంకా తొందరగా వస్తుంది. వడపోతలో ఆగిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది మరి. బట్టలు ఉతికిన సర్ఫు నీళ్లు కూడా మంచివి కావు. వజూ నీళ్లు మాత్రం సబ్బు లేనివి కాబట్టి నిశ్చింతగా మళ్లించుకోవచ్చు. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, అవీ పనికొస్తాయి. వానాకాలంలో డాబా మీద నీళ్లు పైపుతో పాదిలోకి వదిలితే పేరుకున్న ఉప్పు కిందికి దిగుతుంది. నల్లరేగడిలో మాత్రం ఆ నీళ్లు నిలవకుండా దారి చేయాలి.

నీళ్లు, ఎరువు చెట్టు మొదట్లో పోయడం ఎక్కడ చూసినా ఉన్న అలవాటే. తినే వేళ్లు అక్కడ ఉండవు. మధ్యాహ్నం చెట్టు నీడ ఎంతవరకు పడుతుందో ఆ అంచు దగ్గర ఉంటాయి. పాది అక్కడ చేయాలి.

జబ్బు కానివి జబ్బులా కనిపిస్తాయి

మామిడి లేత ఆకు రాగి రంగులో పుడుతుంది. అది తెగులు కాదు, కొద్ది రోజుల్లో పచ్చబడుతుంది. సీతాఫలం చలికాలం చివర ఆకంతా రాల్చి ఎండుకట్టెలా నిలబడుతుంది. చచ్చిందని కొట్టేసిన ఇళ్లు ఉన్నాయి. కొట్టేముందు గోటితో కొమ్మ మీద బెరడు కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది. ఆదిలాబాద్ వైపు జనవరిలో కొన్ని రాత్రులు 5 డిగ్రీల కిందికి కూడా పోతుంది. ఆ చలికి జామ ఆకు ఎర్రబారుతుంది, బొప్పాయి పెరుగుదల ఆగి కింది ఆకులు పసుపు పడతాయి. ఫిబ్రవరి ఎండ తగిలితే వాటంతట అవే తేరుకుంటాయి. మేలో 45 డిగ్రీల ఎండకు లేత మొక్క కాండం పడమటి వైపు బెరడు పగులుతుంది. కాండానికి సున్నం పూసి, మొదట్లో ఎండుగడ్డి పరిస్తే చాలు.

పసుపు ఎక్కడ మొదలైంది?

ఆకు పసుపు అయ్యిందనగానే యూరియా గుప్పెడు వేయడం కొందరి వైద్యం. ముందు ఏ ఆకు పసుపు అయ్యిందో చూడాలి. కింద ఉన్న ముదురు ఆకులు మొత్తంగా పాలిపోతుంటే నత్రజని తక్కువై ఉండొచ్చు, బాగా చివికిన పశువుల ఎరువు వేయొచ్చు. అట్లా కాక కొమ్మ చివర లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా గీతల్లా కనిపిస్తే అది ఇనుము లోపం. ఆకులు చిన్నవై, సన్నగా, గుబురుగా వచ్చి ఈనెల మధ్య పసుపు మచ్చలు ఉంటే జింకు లోపం. నిమ్మ, బత్తాయిల్లో ఇవి రెండూ తరచూ కనిపిస్తాయి.

నల్లరేగడిలోనూ, సున్నం కలిసిన నేలలోనూ ఇనుము లేక కాదు ఈ లోపం వచ్చేది. ఉన్న ఇనుము వేరుకు అందే రూపంలో ఉండదు. అందుకే మట్టిలో ఎంత వేసినా పెద్దగా లాభం లేదు, ఆకు మీద కొట్టాలి. లీటరు నీళ్లకు అన్నభేది 5 గ్రాములు, నిమ్మఉప్పు 1 గ్రాము కలిపి, అసర్ తర్వాత ఎండ తగ్గాక, లేత ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. రెండు వారాలకోసారి రెండు మూడు సార్లు. పసుపైన పాత ఆకు పూర్తిగా మారకపోవచ్చు. కొత్తగా వచ్చే చిగురు పచ్చగా ఉంటే మందు పనిచేసినట్టే.

ఎరువు వేసిన వారంలోపే అంచులు మాడిపోతే అది ఎరువు ఎక్కువైన దెబ్బ. నీళ్లు బాగా పోసి కడిగేయడమే.

ఆకులు మెలితిరిగి, సాగిపోయి వింతగా కనిపిస్తే ఇంకో అనుమానం కూడా ఉంచుకోవాలి. చేనులో గడ్డిమందు కొట్టిన స్ప్రేయర్‌నే తెచ్చి ఇంటి చెట్టుకు వాడారా? ట్యాంకులో మిగిలిన కొంచెం మందు చాలు, బొప్పాయి, జామ ఆకులు వైరస్ వచ్చినట్టే ముడుచుకుపోతాయి. గేటు దగ్గర గడ్డికి కొట్టినప్పుడు గాలికి వచ్చి పడినా అంతే.

పూయదు, కాయదు

మామిడికి పేరున్న ప్రాంతం ఇది. జగిత్యాల దగ్గర చల్‌గల్ మార్కెట్‌కు వేసవిలో లారీల కొద్దీ కాయ వస్తుంది. బంగినపల్లి, దసేరి, హిమాయత్ పేర్లు తెలియని ఇల్లు ఉండదు. అయినా ఇంట్లో ఉన్న చెట్టు పూయడం లేదన్న ఫిర్యాదు మామూలు. దీనికి కారణాలు వేరువేరు.

మొదటిది వయసు, పుట్టుక. టెంక నుంచి మొలిచిన చెట్టు కాపుకు రావడానికి ఏడు నుంచి పదేళ్లు పట్టొచ్చు, పైగా తిన్న పండు రుచి వస్తుందన్న నమ్మకం లేదు. అంటు మొక్క మూడు నుంచి ఐదేళ్లలో కాస్తుంది. బంగినపల్లి అంటే కొన్నాం, కాస్తే పీచుకాయ వచ్చింది అంటారు కొందరు. అన్నిసార్లూ నర్సరీవాళ్లు మోసం చేశారని కాదు. అంటు కట్టిన ముడి కింద నుంచి వచ్చిన కొమ్మ పెరిగి, పైన ఉన్న అసలు రకం ఎండిపోయి ఉంటుంది. మొదట్లో ఆ ముడి ఎక్కడుందో చూసుకొని, దాని కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తీసేయాలి.

రెండోది, చాలా ఇళ్లకు వర్తించేది, నీళ్లు. మామిడి పూతకు రావాలంటే వానాకాలం పోయాక దానికి కొంచెం ఎండబెట్టిన కాలం కావాలి. తోటల రైతులు నవంబరు నుంచి పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా నీళ్లు ఆపుతారు. ఇంట్లో మాత్రం అంట్లు కడిగిన నీళ్లు, కుళాయి నీళ్లు ఏడాది పొడవునా పాదిలోకి పోతూనే ఉంటాయి. చెట్టు ఏపుగా చిగుర్లు వేస్తుంది, పువ్వు వేయదు. దాదా నాటిన చెట్టు పదేళ్లు కాసి, పక్కన వంటగది కట్టి ఆ పైపు ఇటు మళ్లించాక కాపు ఆగిపోయిందంటే ఆ పైపునే అనుమానించాలి.

మూడోది ఏడాది విడిచి ఏడాది కాయడం. బంగినపల్లిలో ఇది ఉంది. కోత అయ్యాక జూన్‌లో ఎండు కొమ్మలు, లోపలికి పెరిగిన కొమ్మలు తీసి ఎరువు వేస్తే తేడా కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

పూత, పిందె రాలుతోందని భయపడేవాళ్లకు ఒక లెక్క. ఒక పూగుత్తిలో వందల నుంచి వేల పువ్వులు ఉంటాయి. చివరకు నిలిచేవి ఒకటో రెండో కాయలు. కాబట్టి రాలడం సహజమే. పువ్వు మీద తెల్లని బూడిద లాంటిది కనిపిస్తే మాత్రం అది బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కొడితే ఆగుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టకూడదు.

బొప్పాయి అయితే పువ్వు చూస్తే చాలు. పొడుగాటి కాడలకు గుత్తులు గుత్తులుగా చిన్న పువ్వులు వేలాడుతుంటే అది మగ చెట్టు, కాయదు. అనార్‌లో కింద భాగం సన్నగా గంటలా ఉండే పువ్వులు రాలిపోతాయి, కూజాలా ఉబ్బిన పువ్వులే కాయలవుతాయి. మొదటి రకం రాలితే మందు కొట్టుడు వృథా. సీతాఫలంలో పువ్వు ముందు ఆడగా, తర్వాత మగగా పనిచేస్తుంది. పొడి వేడి గాలిలో కాయ నిలవడం కష్టం. ఓపిక ఉంటే పూర్తిగా విచ్చిన పువ్వులోంచి సన్న బ్రష్‌తో పుప్పొడి తీసి, సగం విచ్చిన పువ్వు లోపల అద్దవచ్చు. పిల్లలకు ఇష్టమైన పని ఇది.

జిగట, మసి, చీమలు

ఆకులు చేతికి అంటుకుంటూ, వాటి మీద నల్లటి మసి పేరుకుంటే చాలామంది ఆ మసికే మందు అడుగుతారు. మసి ఆకును తినదు. పైన ఎక్కడో రసం పీల్చే పురుగు తియ్యటి జిగురు వదులుతోంది, దాని మీద మసి పెరుగుతోంది. మామిడి పూతకాలంలో చెట్టు కింద నిలబడితే టపటపమని ఎగిరే చిన్న పురుగులు తగిలితే అది తేనెమంచు పురుగు. జామ, సీతాఫలం కాయల తొడిమల దగ్గర దూదిలా తెల్లగా ఉంటే పిండినల్లి. కొబ్బరి, జామ, అరటి ఆకుల అడుగున తెల్లటి వలయాలుగా మైనం లాంటిది ఉంటే రూగోస్ తెల్లదోమ. ఇది మన దేశంలో 2016లో తమిళనాడు పొల్లాచ్చి వైపు మొదట కనిపించి, తర్వాత ఇతర రాష్ట్రాలకు పాకింది.

చీమల వరస కాండం ఎక్కుతుంటే అది మంచి ఆచూకీ. తీపి కోసం చీమలు ఈ పురుగులకు కాపలా కాస్తాయి. కాండం చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కట్టి దానికి గ్రీజు పూస్తే చీమలు ఆగుతాయి, మిత్ర పురుగులు తమ పని చేసుకుంటాయి. అందే కొమ్మలకు నీళ్ల పైపు గట్టిగా పట్టి కడగాలి. తర్వాత లీటరు నీళ్లకు వేపనూనె 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు పొడి కలిపి ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టాలి.

ఘాటు మందు ఇక్కడ ఎందుకు పనికిరాదో ఒక సంగతి చెప్తుంది. బొప్పాయి పిండినల్లి 2008లో దేశంలో బయటపడి దక్షిణాదిలో తోటలను దెబ్బతీసింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. 2010లో ప్యూర్టో రికో నుంచి తెప్పించిన చిన్న పరాన్నజీవి కందిరీగలను వదిలాకే అది అదుపులోకి వచ్చింది. పెరట్లో విషం కొట్టినప్పుడు ముందు చచ్చేది ఇట్లాంటి మిత్ర పురుగులే.

పండు లోపల పురుగు

వానాకాలం జామ కోస్తే లోపల తెల్లని పురుగులు. పండు ఈగ పని ఇది. ఈగ తొక్క కింద గుడ్లు పెడుతుంది, పురుగు లోపలే తిరుగుతుంది. పైన మందు కొట్టినా దానికి తగలదు, తినేవాళ్లకే తగులుతుంది. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే కాగితం సంచో, పల్చటి గుడ్డ సంచో కట్టాలి. రాలిన పండ్లను చెట్టు కింద వదలొద్దు, చెత్తకుప్పలో వేయొద్దు. రెండు అడుగుల లోతున పూడ్చాలి, లేదా గట్టి కవర్లో కట్టి ఎండలో పెట్టాలి. దుకాణాల్లో దొరికే మిథైల్ యూజినాల్ ఎర మగ ఈగలనే పట్టుకుంటుంది, కాబట్టి ఇరుగుపొరుగు కూడా పెడితేనే ఫలితం. ఇంకో దారి, వానాకాలం కాపును లేతగా ఉన్నప్పుడే తీసేసి చలికాలం కాపు ఉంచుకోవడం. ఆ పండు రుచి కూడా ఎక్కువ.

అనార్ కాయకు గుండ్రటి రంధ్రం ఉంటే కాయతొలుచు పురుగు. దీనికీ సంచే మందు. కాయ పగలడం మాత్రం పురుగుతో కాదు, వారం ఎండబెట్టి ఒక్కసారిగా నీళ్లు పోయడంతో. బోరాన్ తక్కువైనా పగులుతుంది.

నిమ్మలో ఆకు మీద పాము పాకినట్టు వెండి గీతలుంటే ఆకుతొలుచు పురుగు. పెద్ద చెట్టుకు దానితో ముప్పు లేదు. పక్షి రెట్టలా కనిపించే గొంగళిని చేత్తో ఏరేయాలి. కాయల మీద గరుకు మచ్చలు, ఆకుల మీద పసుపు వలయంతో మచ్చలు ఉంటే గజ్జి తెగులు. ఆ కొమ్మలు కోసి కాల్చి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కొట్టాలి. మొదట్లో బెరడు పగిలి బంక కారుతుంటే అశ్రద్ధ చేయొద్దు, చెట్టే పోతుంది. పాడైన బెరడు కత్తితో గీకి బోర్డో పేస్టు పూయాలి. మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు ప్లాస్టిక్ డబ్బాల్లో వేరువేరుగా కరిగించి, రెండూ కలిపి లీటరు చేసుకొని ఆ రోజే వాడాలి. నీళ్లు మొదలుకు తగలకుండా పాది దూరంగా జరపాలి.

బొప్పాయి కాయ మీద నూనె రంగు ఉంగరాల మచ్చలు, ఆకులు తాడులా సన్నబడటం కనిపిస్తే అది రింగ్‌స్పాట్ వైరస్. దీనికి మందు లేదు. ఎవరైనా ఉందని అమ్మితే కొనొద్దు. చెట్టు పీకేయడమే, లేకపోతే పేనుబంక దాన్ని పక్క ఇంటి చెట్టుకు మోస్తుంది.

సీసా ఇంట్లో ఉంటే

పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర యావత్మాల్ జిల్లా. 2017లో అక్కడ పత్తి చేలలో మందు కొడుతూ విషం ఎక్కి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లు రోజూ ఆ పని చేసేవాళ్లు. 2013 జూలైలో బీహార్ సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసిందని పరీక్షల్లో తేలింది. ఈ మందును కూరగాయల మీద వాడొద్దని కేంద్రం 2005లోనే నిషేధించింది. అయినా పత్తి చేనున్న బంధువుల దగ్గర అడిగితే దొరికే మందుల్లో ఇదీ ఒకటి.

డబ్బా మీద ఉన్న త్రికోణం రంగు చూడాలి. ఎరుపు అత్యంత విషం, పసుపు దాని తర్వాత, నీలం మధ్యరకం, ఆకుపచ్చ తక్కువ. ఎరుపు, పసుపు త్రికోణాలు ఉన్నవి పెరట్లోకి రాకూడదు. మందు కొట్టాక ఎన్ని రోజులకు కోయాలో లేబుల్ మీద ఉంటుంది. అది చదవలేకపోతే వాడొద్దు. సీసాలోంచి నీళ్ల బాటిల్‌లోకి, నూనె డబ్బాలోకి ఎప్పుడూ మార్చొద్దు. ఎవరైనా పొరపాటున తాగితే వాంతి చేయించే ప్రయత్నం వద్దు, 108కి ఫోన్ చేసి, ఆ సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లెక్క చూసినా, ఒక్క చెట్టు కోసం ఎకరానికి సరిపడే మందు కొనడం, మిగిలింది ఏళ్లపాటు మెట్ల కింద దాచడం ఏ రకంగానూ గిట్టుబాటు కాదు.

ఎక్కడ చూపించాలి

జగిత్యాల దగ్గర పొలాసలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన స్థానం ఉంది. జమ్మికుంట, ఆదిలాబాద్, బెల్లంపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. జిల్లా ఉద్యాన శాఖ కార్యాలయంలోనూ అడగవచ్చు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

వెళ్లేటప్పుడు పూర్తిగా ఎండిన ఆకు పట్టుకెళ్తే ఎవరూ ఏమీ చెప్పలేరు. సగం పాడైంది ఒకటి, బాగున్నది ఒకటి, చిగురు ఒకటి కాగితం కవర్లో పెట్టుకోవాలి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి కుళ్లుతాయి. ఫొటోలు అయితే మూడు కావాలి, చెట్టు మొత్తం, మొదలు, ఆకు అడుగు భాగం. చెట్టు వయసు, ఏ నీళ్లు పోస్తున్నారు, గత నెలలో ఏం వేశారు, పక్కన ఈ మధ్య ఏం కట్టారు అన్నవి ముందే రాసుకుంటే మంచిది. పత్తి మందు ఇప్పటికే కొట్టి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పాలి, పండు ఎప్పటిదాకా తినకూడదో కూడా అప్పుడే అడిగి తెలుసుకోవచ్చు.